ఆజన్మబ్రహ్మచారిణులు – మన కర్తవ్యము
(వార్షిక మహాసభయందలి యుపన్యాసము)



మన వార్షికసభలయందు వధూవరుల పరిచయమునకు ఒక పూట కేటాయించుట పరిపాటియైనది. అది మంచిపనియే. కాని వివాహము వలదనియు, భగవత్సేవలోనే బ్రదుకు గడపెదననియు పలుకు ఆడుబిడ్డను గూర్చి ఈ వేదికపై నెవ్వరును మాటాడినట్లు మేమెరుంగము. అట్టి బిడ్డ వేయిండ్ల కొకతె పుట్టవచ్చును. పుట్టినపుడు మనమేమి చేయవలెను? ఈ ప్రశ్నను సభవారి యెదుట నుంచుటకే మేము లేచితిమి.

శాస్త్రమేమనుచున్నదో ముందు చూతము. హారీతుడు స్త్రీలను బ్రహ్మవాదినులు, సద్యోవధువులు అని రెండు తెగలుగా విభజించెను. బ్రహ్మవాదినికి ఉపనయనము, అగ్నికార్యము, వేదాధ్యయనము, స్వగృహమునందే భిక్షాచర్య విధింపబడినవి. ఇక మహాభారతమున రెండు కథలు గలవు. శల్యపర్వమున కుణిగర్గుని కూతురు ముదిమివరకు తపమొనర్చి దేహము విడువబోగా, వివాహసంస్కారము లేని కన్యకు పుణ్యలోకములు లేవని నారదుడు చెప్పెను. ఆమె తన తపమున సగమిచ్చి, శృంగవంతుడను ఋషిని చేపట్టి, ఒక్కరాత్రి కాపురము చేసి, మరునాడు స్వర్గమున కేగెను. శాంతిపర్వమున సులభ యను భిక్షుకి కథ గలదు. తగిన భర్త లభింపనందున మోక్షధర్మము నభ్యసించి ఒంటిగా సంచరించుచున్నానని ఆమె జనకమహారాజుతో నిస్సంకోచముగా పలికెను. వాదమున నాతనిని నిరుత్తరుని గావించెను. ఒకే గ్రంథమున ఈ రెండు కథలును నిలిచియున్నవి.

ఇచ్చట మా తప్పొకటి చెప్పుకొనవలసి యున్నది. మేము గోదావరితీరమున నొక పల్లెబడిలో తెలుగు పండితులముగా నున్న కాలమున, ఇంటరు చదువు ముగించిన మా పూర్వవిద్యార్థిని యొకతె మా యింటికి వచ్చి, పెండ్లి చేసికొననని, ధర్మపురి నరసింహస్వామి సేవలో నుండెదనని, తండ్రికి నచ్చజెప్పుడని వేడుకొనెను. మేము కుణిగర్గుని కూతురి కథ చెప్పి ఆమె నోరు మూయించితిమి. సులభ కథ మాకు తెలియును, చెప్పలేదు. ఏడాదిలోగా పెండ్లి జరిగెను. 2015 జూలై నాటి పుష్కరములలో ధర్మపురి రేవున ఆమె మాకు కనబడెను. మనుమరాలిని చంకనెత్తుకొని వచ్చి, "సారూ, మొన్న పురాణంల సులభ కథ విన్న. మీకు ఎరుకనే గద! గప్పుడు నాకెందుకు చెప్పలె?" అని నవ్వుచునే యడిగెను. ఆమె సంసారము చెడలేదు; బిడ్డలు వృద్ధిలో నున్నారు. అయినను మాయొద్ద సమాధానము లేకపోయెను. తెలిసిన శాస్త్రములో సగము దాచిన పండితుడు తూచి చెప్పినవాడు కాడు. త్రాసుముల్లును వ్రేలితో నొక్కినవాడు.

తరిగొండ వెంగమాంబ చరిత్రము మీకు తెలిసినదే. 1730లో పుట్టి, బాల్యమున వివాహమై, అచిరకాలమున భర్తను గోల్పోయెను. విధవలకు నాడు లోకము విధించిన వేషమును ఆమె యంగీకరింపలేదు. శ్రీవేంకటేశ్వరుడే పతియని నిలిచెను. నిందలు పడి, తిరుమల చేరి, 1817లో దేహము చాలించువరకు స్వామిసన్నిధినే యుండి, వేంకటాచల మాహాత్మ్యము, వాసిష్ఠ రామాయణము మున్నగు గ్రంథములు రచించెను. నేటికిని ఏకాంతసేవలో ఆమె పేర ముత్యాలహారతి జరుగుచున్నది. తిరుమలలోని నిత్యాన్నప్రసాద భవనము ఆమె పేరనే యున్నది. గమనింపుడు: లోకము ఆమెకు వైధవ్యమను బ్రహ్మచర్యమును విధింప జూచెను, ఆమె దానిని త్రోసి, తన బ్రహ్మచర్యమును తానే యెన్నుకొనెను. పైకి రెండును ఒక్కటే. లోన నేలకును నింగికిని గల యంతరము.

మన సీమలోనే ఈ భేదమును కన్నులార చూడవచ్చును. వేములవాడలో శ్రీరామనవమి కల్యాణమునాడు శివపార్వతులు త్రిశూలములు ధరించి, తామును రాజరాజేశ్వరుని పెండ్లికూతుండ్రమేయని తలంబ్రాలు తలపై పోసికొందురు. వారిలో గృహిణులును గలరు. కావున దానిని బ్రహ్మచర్యమనరాదు, తమంత తాము పూనిన భక్తి యనవలెను. ఇదే సీమలో జోగినియను మరియొక యాచారము గలదు. అందు ఊహ తెలియని పేదపిల్లను దేవతకు సమర్పించిరి. పేరునకు ఆమె దేవుని యిల్లాలు. నిజమునకు ఊరి పెద్దల కామమునకు బలిపశువు. ఈ సమర్పణమును 1988 నాటి చట్టము నేరముగా నిషేధించినది. దేవుని పేరు రెండుచోట్లను గలదు. తన యిచ్ఛ యన్నది ఒకచోటనే గలదు.

కావున మా మనవి యిది. వ్రతము పూనువారిదిగాని, పెట్టువారిది కాదు. పసిబిడ్డచేత ఏ దీక్షయు పట్టింపరాదు. భర్త పోయినదానిచేత బలవంతముగా విరక్తి పాటింపజేయరాదు. యుక్తవయసు వచ్చి, చదువుకొని, ఆలోచించి వలదనినదానిని బలవంతముగా పీటలపై కూర్చుండబెట్టరాదు. కొంతకాలమునకు మనసు మారి గృహస్థధర్మము కోరినచో ఆమెను ఎగతాళి చేయరాదు.

మాటలతో కడుపు నిండదు. 1954లో స్థాపింపబడిన దక్షిణేశ్వరపు శ్రీ శారదా మఠము సన్న్యాసినుల చేతనే నడపబడుచున్నది. నీడ యుండుటచేతనే వారి వ్రతము నిలిచినది. మన కుటుంబములలో అవివాహితయైన యాడుబిడ్డకు అన్నదమ్ముల పంచయే గతియగుచున్నది. ఆస్తిలో ఆమె భాగమును ఆమె పేరనే వ్రాయుడు. పోషకమహాశయులు మన సంఘ వసతిగృహములో అట్టివారికొక గదియు, వార్ధక్యమున కొక నిధియు నేర్పరతురుగాక. వధూవరుల పట్టికలో తన పేరు చేర్పవలదను బిడ్డను "ఎందుకమ్మా?" యని యొకమారు నెమ్మదిగా నడిగి, ఆమె చెప్పినది తుదివరకు వినుడు. మేము నాడు వినలేదు.

స్వస్తి.