అందరూ చూస్తుంటే చెయ్యి వణుకుతుంది



సాయంత్రం రోగులను చూడ్డానికి వచ్చే వేళ మా వార్డులో తరచు జరిగేది చెబుతాను. కుడి చెయ్యి పడిపోయిన పెద్దాయన ఎడమ చేత్తో స్పూను పట్టడం నేర్చుకుంటూ ఉంటాడు. మంచం చుట్టూ ఆరుగురు. "గట్టిగా పట్టుకో నాన్నా... అయ్యో, జారిపోయింది!" పొద్దున నా ఎదుట నాలుగు స్పూన్ల ఉప్మా తిన్న మనిషి మీ ఎదుట ఒక్కటీ నోటిదాకా తీసుకుపోలేడు. "సిస్టర్, మా నాన్నకు ఏమీ నయం కాలేదు" అని మీరు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. నయం కాకపోవడం కాదమ్మా, అంతమంది చూడడం.

1898లో అమెరికాలో నార్మన్ ట్రిప్లెట్ అనే ఆయన సైకిలు పందేల లెక్కలు చూసి, ఒంటరిగా తొక్కేవారికన్నా పోటీదారు తోడున్నవారు వేగంగా పోతున్నారని రాశాడు. మరి నలుగురుంటే మేలే గదా అంటారేమో. 1965లో రాబర్ట్ జయాన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దాన్ని విడమరిచి చెప్పాడు. చేతికి అలవాటైన పని నలుగురి ముందు ఇంకా బాగా సాగుతుంది, కొత్తగా నేర్చుకునే పని చెడుతుంది. ముప్పై ఏళ్ళుగా ముగ్గు వేసే అమ్మ వీధంతా చూస్తున్నా చక్కగా వేస్తుంది. అదే అమ్మ మొదటిసారి ఇన్సులిన్ సిరంజి పట్టినప్పుడు కోడలూ ఆడపడుచూ తొంగి చూస్తే గీతలు లెక్కపెట్టలేదు. 10 యూనిట్లకు బదులు 20 ఎక్కితే షుగరు పడిపోయి స్పృహ తప్పవచ్చు. అందుకే నేను తెర లాగి, ఒక్కరినే కూర్చోబెట్టి నేర్పిస్తాను. మీరు దాన్ని అవమానంగా అనుకోవద్దు. చెయ్యి కుదిరాక, పొడిచే ముందు గీత సరిచూడడానికి ఇంట్లో ఒకరు తోడుంటే మంచిదే.

నేనేమీ తక్కువ తినలేదు. ట్రైనింగులో మా ట్యూటరమ్మా, తోటి పిల్లలూ చూస్తుండగా మొదటి ఇంజెక్షనుకు మందు లాగిన సిరంజి కింద పడేశాను. ఇప్పుడు ఎంతమంది విద్యార్థినులు చూస్తున్నా చెయ్యి కదలదు.

బీపీ కూడా కొందరికి డాక్టరుగారి ముందు ఎక్కువగా, ఇంట్లో మామూలుగా ఉంటుంది. అలాగని మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు. ఇంట్లో ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, మాట్లాడించకుండా చూసి, ఆ అంకెలు రాసి తెచ్చి చూపించండి.

చూడవద్దన్నానని రోగిని ఒంటరిగా మాత్రం వదలకండి. నడిచేటప్పుడు పడితే తుంటి ఎముక విరుగుతుంది, తినేటప్పుడు పొలమారవచ్చు. బలహీనమైన వైపు ఒక్కరు నిలబడండి, ఊరికే సలహాలు చెప్పకుండా. మిగతావారు వరండాలో బెంచీ మీద కూర్చోండి. ఉప్మా దుప్పటి మీద పడితే పడనివ్వండి, మార్చడానికి మేమున్నాం.