నోటిలో తెల్లపూత – కారణములు, చికిత్స

(రైతు సదస్సులో చేసిన ప్రసంగము)



పైరుల సంగతి చెప్పవలసినవాడు నోటి జబ్బును గూర్చి చెప్పనేల అని మీరు అనుకొనవచ్చును. నేను వైద్యుడను కాను. అయితే ఈ జబ్బును కలిగించునది ఒక శిలీంధ్రము, అనగా బూజు జాతికి చెందిన సూక్ష్మజీవి. మామిడి పూతను మాడ్చు బూడిద తెగులును మీరెరుగుదురు. దానిని కలిగించు శిలీంధ్రమునకు ఆయిడియం అని పేరు. 1853లో చార్లెస్ రాబిన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నోటిలో తెల్లపూత కలిగించు శిలీంధ్రమును గూడ ఆ జాతిలోనే చేర్చెను. అది వేరు జాతి యని తరువాత తేలినది. 1923లో క్రిస్టీన్ బెర్ఖౌట్ అను శాస్త్రజ్ఞురాలు దానికి కాండిడా అని పేరు పెట్టెను.

జాతి వేరైనను, తెగుళ్ళను గూర్చి మీకు తెలిసిన సంగతి ఒకటి ఇచ్చట కూడ వర్తించును. శిలీంధ్రము ఉన్నంత మాత్రమున తెగులు రాదు. దానికి అనువైన పరిస్థితి ఏర్పడినప్పుడే వచ్చును. ఆరోగ్యవంతులలో పలువురి నోటిలో కాండిడా ఉండనే ఉండును. లాలాజలము, నోటిలోని తోటి సూక్ష్మజీవులు, శరీరపు నిరోధక శక్తి దానిని అదుపులో నుంచును. ఆ అదుపు తప్పినప్పుడు అది పెరిగి పూతగా కనబడును.

గుర్తించు విధము

నాలుకమీద, బుగ్గల లోపలి వైపున, అంగిట విరిగిన పాలవంటి తెల్లని పొర ఏర్పడును. మెత్తని గుడ్డతో తుడిచినచో ఊడివచ్చి, క్రింద ఎర్రగా నుండును. ఒక్కొక్కసారి రక్తము చిమ్మును. నోరు మండును. కారము తాళలేరు. రుచి తప్పును. కట్టుడు పళ్ళు పెట్టుకొన్నవారికి తెల్లపొర లేకుండ పళ్ళ సెట్టు క్రింద ఎర్రగా మాత్రమే ఉండవచ్చును. పెదవుల మూలలు చీలుట కూడ కలదు. మ్రింగునప్పుడు నొప్పి కలిగినచో జబ్బు అన్నవాహికలోనికి దిగినదేమోనని అనుమానించి, వెంటనే వైద్యునికి చూపవలెను.

పసిబిడ్డల నోటిలో పాల మరక తుడవగనే పోవును. ఈ పూత అంత సులభముగా పోదు. బిడ్డకు మందు వాడునప్పుడు తల్లి చనుమొనలకు కూడ చికిత్స అవసరము కావచ్చును. కొందరు తేనె రాయుదురు. సంవత్సరము నిండని బిడ్డకు తేనె నాకించరాదు, అది ప్రమాదకరము.

తుడిచినను రాని తెల్లమచ్చ వేరు. పొగాకు నమలువారికి, చుట్ట త్రాగువారికి, ముఖ్యముగా ఉత్తర కోస్తా పల్లెలలో నిప్పు నోటిలోపలికి పెట్టుకొని అడ్డపొగ త్రాగు స్త్రీలకు ఇట్టి మచ్చలు వచ్చును. ఇవి పుట్టకురుపుగా, అనగా క్యాన్సరుగా మారవచ్చును. రెండు మూడు వారములకు పోని మచ్చను గాని, పుండును గాని ఉపేక్షింపరాదు.

మా ఇంట జరిగినది

మా నాన్నగారు సేద్యము చేయువారు. ఒక సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు ఆయన పచ్చడి ప్రక్కకు నెట్టి మజ్జిగ అన్నము మాత్రమే తినుట చూచితిని. అడిగినచో, "వయసు మీద పడిందిరా, కారం సయించడం లేదు" అనిరి. నాలుక తెల్లగా నున్నది. దానిని రోజూ ఉదయమే బద్దతో గట్టిగా గీకుకొనుచున్నారు. మందుల దుకాణములో అడిగి పూతమందు కొనియిచ్చి నా పనికి నేను తిరిగి వచ్చితిని. మూడు దినములలో పూత తగ్గినది. ఆయన మందు మానివేసిరి. మరల వచ్చినది. ఈ విధముగా మూడు పర్యాయములు జరిగినది.

నాలుగవ నెలలో కాలి వ్రేలి పుండు మానకపోగా ఆసుపత్రికి తీసికొనిపోతిమి. రక్తములో చక్కెర చాల ఎక్కువగా నుండెను. మధుమేహము ఎంత కాలమునుండి యున్నదో ఎవరికిని తెలియదు. వ్రేలు తీసివేయవలసి వచ్చినది. వైద్యుడు ఆయన నోరు చూచి, "ఇది ముందే చెప్పింది కదండీ" అనెను. ఆకు పసుపుపచ్చబడినచో వేరు త్రవ్వి చూడుడని మీకు చెప్పు నేను మా ఇంట ఆ పని చేయనైతిని. అందువలననే నేడు ఈ ప్రసంగము చేయుచున్నాను.

మూలకారణములు

పెద్దవారికి తెల్లపూత వచ్చినచో ఈ క్రింది వానిని విచారింపవలెను.

1. మధుమేహము: రక్తపరీక్ష చేయించవలెను.
2. యాంటీబయోటిక్ మందులు: ఇవి నోటిలోని మేలుచేయు సూక్ష్మజీవులను గూడ చంపును.
3. ఉబ్బసమునకు పీల్చు స్టెరాయిడ్ మందు: పీల్చిన ప్రతిసారి నోరు పుక్కిలించి ఉమ్మివేయవలెను.
4. కట్టుడు పళ్ళు: రాత్రి తీసి, శుభ్రముగా తోమి ఉంచవలెను.
5. రక్తహీనత, నోరు ఎండుట, క్యాన్సరు చికిత్స, హెచ్.ఐ.వి.: పూత మాటిమాటికి వచ్చినచో సంకోచింపక పరీక్ష చేయించుకొనవలెను.

చికిత్స

1950లో ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అను అమెరికా శాస్త్రజ్ఞురాండ్రు నిస్టాటిన్ అను మందును ప్రకటించిరి. అది వర్జీనియా రాష్ట్రములోని ఒక పాడి క్షేత్రపు మట్టిలో దొరికిన సూక్ష్మజీవినుండి తీసినది. నేటికిని వాడుకలో నున్నది. క్లోట్రిమజోల్ పూతమందు కూడ దొరకును. జబ్బు తీవ్రముగా నున్నచో వైద్యులు ఫ్లుకొనజోల్ మాత్రలు ఇత్తురు. ఇవి కొన్ని ఇతర మందులతో పడవు కావున, మీరు వాడు మందులన్నిటిని వైద్యునికి చెప్పవలెను. గర్భవతులు ఆ సంగతి తప్పక తెలుపవలెను.

సాధారణముగా చికిత్స ఏడు మొదలు పదునాలుగు దినములు సాగును. పూత కనబడకపోయినంతనే మానరాదు. పూతను గీకి పుండు చేయరాదు.

ఒక సభలో ఒక రైతు నన్నిట్లు అడిగెను: "వరిలో పాముపొడ తెగులుకు కొట్టే ప్రోపికొనజోలూ, ఈ నోటి మందులూ ఒకే జాతి అంటున్నారు. నాలుగు చుక్కలు నీళ్ళలో వేసి పుక్కిలిస్తే పోదా?" క్లోట్రిమజోల్, ఫ్లుకొనజోల్ మందుల విషయమున ఒకే జాతి యనుట నిజమే. శిలీంధ్రపు కణము చుట్టునున్న పొర తయారగుటకు కావలసిన పదార్థమును ఈ జాతి మందులన్నియు అడ్డగించును. అయినను, పైరుమందులో మనిషి మ్రింగరాని ద్రావకములు, ఇతర పదార్థములు కలిసియుండును. దానిని నోటికి తాకనీయరాదు. మరియొక మాట: చేనిలోనైనను, నోటిలోనైనను మందును అరకొరగా వాడినచో దానికి లొంగని శిలీంధ్రములు మిగిలి వృద్ధియగును.

ఈ సాయంకాలము ఇంటికి పోయి, కారము మానుకొన్న పెద్దవారెవరైన ఉన్నచో వారిని వెలుతురులో కూర్చుండబెట్టి నోరు తెరువుమని చూడుడు. తెల్లపూత కనబడినచో మందుతోపాటు రక్తపరీక్ష కూడ చేయించుడు.

సెలవు.