వరములు, మంత్రములు, నిబంధనలు

(సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ప్రసంగింపుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నేనేదో సాహిత్య విషయము చెప్పుదునని తలంచి యుందురు. కాని యీ యేడాదిగా ప్రతి యాదివారమును మా క్వార్టర్సులో భోజనపు బల్ల చుట్టును జరుగుచున్న యొక వివాదము నా మనస్సును విడువకున్నది. అది మంత్రములను గూర్చిన వివాదము. నవ్వకుడు. ఇరువదియేండ్లుగా నేను చేయుచున్న యుద్యోగమునకును దానికిని దగ్గరి చుట్టరికము కలదు.

మా అబ్బాయియు, వాని మిత్రులు నలుగురును ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆట నాడుచుందురు. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు అమెరికాలో 1974లో దీనిని ప్రకటించిరి. ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరింతురు: ఒకడు యోధుడు, ఒకడు దొంగ, ఒకడు పురోహితుడు, ఒకతె మంత్రగత్తె. వారికెదురగు లోకమునంతను ‘డంజన్ మాస్టర్’ అను నిర్వాహకుడు మాటలతో కల్పించును. తలపెట్టిన పని నెరవేరినదో లేదో ఇరువది ముఖముల పాచిక తేల్చును. మంత్రములకు మాత్రము పుస్తకమున నిబంధనలు కలవు. ఎంత దూరము పారును, ఎంతసేపు నిలుచును, ఎవరికి తగులును అని యన్నియు వ్రాసి యుండును. మా బల్లవద్ద నిర్వాహకుడు మా అబ్బాయియే.

మనకిది కొత్త సంగతి కాదు. హిరణ్యకశిపుడు వరము కోరినప్పుడు ఎంత జాగరూకుడై ముసాయిదా వ్రాసికొనెనో చూడుడు. పగలు కూడదు, రేయి కూడదు. లోపల కూడదు, బయట కూడదు. నరుడు కూడదు, మృగము కూడదు. నరసింహస్వామి ఆ షరతులలో ఒక్కదానినైనను అతిక్రమింపలేదు. భస్మాసురుని వరమున నున్న లోపము వేరు. ఎవని తలపై చేయి పెట్టినను వాడు భస్మమగునన్నారే కాని, వరమిచ్చినవానిని, పుచ్చుకొన్నవానిని మినహాయించు నుపనిబంధనను చేర్చుట మరచిరి. ఆ ఫైలు మా సెక్షనుకు వచ్చియుండినచో ఆ పొరపాటు జరిగియుండెడిది కాదని నా విశ్వాసము.

ఇక బల్లవద్దకు వత్తము. పురోహితుని కొక మొదటి మెట్టు మంత్రము కలదు. దానితో తెరచియున్న పాత్రయందు 10 గాలన్ల మంచినీరు పుట్టింపవచ్చును. ఒకనాడు పురోహితుడైన పిల్లవాడు, “రాక్షసుడు నోరు తెరచి యరచుచున్నాడు గనుక వాని ఊపిరితిత్తులు తెరచియున్న పాత్రయే. నీటిని అందులో పుట్టించుచున్నాను” అనెను. పది గాలన్లనగా మన లెక్కలో సుమారు 38 లీటర్లు. రాక్షసుడు బ్రతుకునా?

పిల్లలు రెండు పక్షములైరి. “పాత్ర యనగా వస్తువు, ప్రాణి కాదు” అని యొకడు. “కడుపుకూడా తిత్తియే గదా” అని మరియొకడు. అరగంట గడచెను. కాఫీకని వచ్చిన నన్ను మధ్యవర్తిని చేసిరి. నేను పుస్తకమడిగి తీసికొని, ఆ వాక్యమును విడిచి మిగిలిన పుటలను త్రిప్పితిని. వారిది 2014 నాటి ఐదవ కూర్పు. అందు తొమ్మిదవ మెట్టున, అనగా కట్టకడపటి మెట్టున, ఒక్క మాటతో చంపు మంత్రము కలదు. ఆ మహామంత్రము సైతము 100 ప్రాణాంకములకు మించనివానినే చంపగలదు. తొమ్మిదవ మెట్టు మంత్రమునకే యింత హద్దు విధించిన గ్రంథకర్తలు, దాహము తీర్చు మొదటి మెట్టు మంత్రమునకు హద్దులేని మారణశక్తి నిచ్చియుందురా? “పాత్ర యను మాటకు నిఘంటువులో అర్థము వెదుకుట తరువాత. ఆ మాట యేయింట కాపురమున్నదో ముందు చూడుడు” అంటిని. రాక్షసుడు బ్రతికెను. పురోహితుడు మూతి ముడుచుకొనెను.

నేను చేసిన దంతయు జైమిని సొత్తు. యజ్ఞమున తడిపిన గులకరాళ్లను పేర్చవలెనని విధి. దేనితో తడుపవలెను? నీటితోనా, నూనెతోనా, నేతితోనా? విధివాక్యము చెప్పదు. దాని వెంటనున్న వాక్యము నేతిని పొగడుచున్నది. కావున నేతితోనే యని మీమాంసకుల తీర్పు. సందేహము కలిగినచోట వాక్యశేషమును జూడుమనుట వారి పద్ధతి. 1922లో అమలులోనికి వచ్చిన మన ఫండమెంటల్ రూల్సులో ఎనిమిదవ నిబంధన, వ్యాఖ్యానించు నధికారమును నేడు రాష్ట్రపతికి ప్రత్యేకించుచున్నది. అది విని మా అబ్బాయి మిక్కిలి సంతోషించెను. “అయితే ఇక్కడ రాష్ట్రపతిని నేనే గదా నాన్నగారూ!” అనెను.

ఈ రాష్ట్రపతి పదవియే కొంప ముంచినది.

అదృశ్యుడైన శత్రువును కొట్టబోవువాడు పాచికను రెండుమార్లు వేసి తక్కువ పడిన సంఖ్యనే గ్రహింపవలెను. ఇది నిబంధన. మా పొరుగింటి బాలిక మంత్రగత్తె. ఆమె అదృశ్యులను చూచు మంత్రమును ముందే ప్రయోగించి యుండెను. శత్రువు కన్నులకు కట్టినట్లున్నాడు. అగ్నిబాణము వేయబోగా, రెండుమార్లు వేయవలసినదే యని మా అబ్బాయి పట్టుబట్టెను. మొదట 17 పడెను, తరువాత 4. బాణము తప్పెను. ఆ వెంటనే శత్రువు చేత మంత్రగత్తె హతురాలయ్యెను. “కనబడుచున్నవాడు అదృశ్యుడెట్లగును?” అని బాలిక వాదము. పుస్తకమున ఆ యిబ్బంది ‘అదృశ్యుని’కి వర్తించునని యున్నదే కాని ‘కనబడనివాని’కని లేదని వీడి వాదము. నన్నడిగిరి. అక్షరమును చూచి, అబ్బాయి చెప్పినదే సరియంటిని. ఏడాదిగా పెంచుకొన్న పాత్ర అది. ఆ పిల్ల తన కాగితములను మడచుకొని, ఒక్కమాటైన పలుకక వెడలిపోయెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమె నడిగిన ప్రశ్నను నేనంతకుమున్ను వినియుంటిని.

నేను చిన్న యధికారిగా నున్న దినములలో ఒక కార్యాలయమున బంట్రోతు తన తల్లి వైద్యపు ఖర్చులకై దరఖాస్తు పెట్టుకొనెను. ఉద్యోగితో ‘సాధారణముగా నివసించు’ తల్లిదండ్రులకే యని నిబంధన. ఆ తల్లి పంటకాలమున ఆరునెలలు ఊరిలో, మిగిలిన ఆరునెలలు కొడుకువద్ద నుండెడిది. ‘సాధారణముగా’ అను మాటకు ఆరునెలలు చాలునా? పైవారి నడుగవచ్చును. నేనడుగలేదు. ‘నిబంధన స్పష్టము, అంగీకరింప వీలులేదు’ అని వ్రాసి సంతకము చేసితిని. ఆతడు వచ్చి నిలుచుండి, “అమ్మ నాతో ఉండకపోతే ఇంకెవరితో ఉన్నట్టండీ?” అని యడిగెను. అది నిబంధనలోని ప్రశ్న కాదని నేను బదులు చెప్పితిని. సహకార సంఘమున చేసిన అప్పు రెండేండ్లు ఆతని జీతమునుండి కోతపడెను. ఆ బిల్లులు ప్రతినెలయు నా బల్లమీదుగానే పోయెడివి.

ఆ కథను మరునాడు అబ్బాయికి చెప్పితిని. వాడేమియు అనలేదు. రెండుదినములు గ్రంథములు వెదకి, 2024 నాటి సవరణ కూర్పులో ఈ నిబంధనను మార్చిరని కనుగొనెను. చూడగలవాని విషయమున అదృశ్యునికి ఆ మేలు లేదని అందు స్పష్టముగా చేర్చిరట. వాడే పొరుగింటికి పోయి ఆ పిల్లను పిలుచుకొని వచ్చెను. ఆమె కూర్చుండి కూర్చుండగనే యడిగిన ప్రశ్న: “సవరణ ఇకముందుకేనా, పోయిన ఆదివారానికి కూడానా?”

అందరును నావైపు చూచిరి. ఇరువదియేండ్ల యలవాటు ‘ఇకముందుకే’ యని నాలుక చివరకు వచ్చెను. నేను కాఫీగ్లాసు తీసికొని వంటింటిలోనికి పోతిని.

వారే తేల్చుకొనిరి. మంత్రగత్తె చచ్చినమాట చచ్చినదే. కాని చచ్చి పదిదినములు దాటనివారిని బ్రతికించు మంత్రమొకటి పుస్తకమున కలదు. దానికి 500 బంగారునాణెముల విలువగల వజ్రము కావలెను. తీర్పు చెప్పినవాడు కనుక ఆ వజ్రము సంపాదించు దారి మా అబ్బాయియే కల్పింపవలెనని తీర్మానించిరి. పోగైనవి 420 నాణెములు. ఇక ఆ పదిదినములు ఆటలోని దినములా, మన పంచాంగపు దినములా యని వాదము మొదలైనది. నేనీ సభకు బయలుదేరు వేళకు అది యింకను సాగుచునే యున్నది.