పాస్ కొనే ముందు లెక్క వేసుకోండి

(స్కాలర్‌షిప్‌ల పంపిణీ సభలో చేసిన ప్రసంగం)



నేను హోసూరులో పుట్టి పెరిగాను. ఈ ట్రస్టు సాయంతోనే ఇంజనీరింగ్ చదివి, ఎం.ఎస్. కోసం జర్మనీ వెళ్ళాను. మీలో కొందరు అదే దారిలో ఉన్నారని పెద్దలు చెప్పారు. అందుకే అక్కడ నేను డబ్బు పోగొట్టుకున్న సంగతి ఒకటి చెబుతాను.

మొదటి సెలవుల్లో యూరప్ చూడాలని ఏడు రోజుల రైలు పాస్ కొన్నాను. పాస్ ఉంటే ఖర్చు తగ్గినట్టేనని అనుకున్నాను. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఉట్రెక్ట్‌కు అరగంట ప్రయాణం. దానికి ఒక రోజు పోయింది. బ్రస్సెల్స్ నుంచి గెంట్‌కు కూడా అంతే; ఇంకో రోజు పోయింది. రెండింటికీ మామూలు టికెట్ చాలా చవక. పారిస్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు వేగ రైల్లో పాస్ ఉన్నవాళ్ళకు ఇచ్చే సీట్లు అయిపోయాయి. పూర్తి ధర పెట్టి టికెట్ కొన్నాను. అది అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి నాన్న పంపిన డబ్బు. ఫోన్‌లో చెబితే నాన్న, "సంతకు పోయేవాడు కూడా చార్జీ ఎంతో అడిగి బస్సు ఎక్కుతాడు కదరా" అన్నారు. తప్పు పాస్‌ది కాదు, నాది.

కాబట్టి కొన్ని విషయాలు గుర్తుంచుకోండి.

పాస్‌లు రెండు రకాలు. యూరప్ బయట నివసించేవారికి యూరైల్, అక్కడ నివసించేవారికి ఇంటర్‌రైల్. రెండూ 33 దేశాల్లో చెల్లుతాయి. అక్కడ నివాస అనుమతితో చదువుతున్న విద్యార్థి ఇంటర్‌రైల్ కొనాలి. తల్లిదండ్రులు ముచ్చటపడి ఇక్కడి నుంచి యూరైల్ కొని పంపకండి. ఇంటర్‌రైల్‌తో నివసించే దేశంలో ప్రయాణం బయటికి వెళ్ళడానికి ఒకసారి, తిరిగి రావడానికి ఒకసారి మాత్రమే. 28 ఏళ్ళు నిండనివారికి రాయితీ ఉంది.

ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ వేగ రైళ్ళకూ, రాత్రి పడుకుని వెళ్ళే బెర్తులకూ పాస్ ఉన్నా రిజర్వేషన్ రుసుము వేరే కట్టాలి. జర్మనీలో చాలా రైళ్ళకు ఆ అవసరం లేదు.

జర్మనీ లోపల తిరగడానికి డాయిచ్‌లాండ్ టికెట్ ఉంది. 2023 మేలో నెలకు 49 యూరోలతో మొదలై, 2026 జనవరి నుంచి 63 యూరోలు అయింది. ప్రాంతీయ రైళ్ళు, సిటీ బస్సులు, మెట్రోలకు చెల్లుతుంది. దూరప్రాంత వేగ రైళ్ళకు చెల్లదు. 10వ తేదీలోపు రద్దు చేయకపోతే మరుసటి నెల డబ్బు కూడా పట్టుకుంటారు.

పాస్ వీసా కాదు. బ్రిటన్, ఐర్లాండ్‌లలో పాస్ చెల్లుతుంది గానీ షెంజెన్ వీసా చెల్లదు.

ముందు వెళ్ళే ఊళ్ళు కాగితం మీద రాయండి. ముందుగా కొంటే ఒక్కో టికెట్ ఎంతో చూసి కూడండి. పాస్ ధరకు రిజర్వేషన్లు కలిపి పోల్చండి. ఏది తక్కువైతే అది కొనండి. దూరాలు ఎక్కువై, రోజూ ఊరు మారేవారికి పాస్ లాభం. రెండు మూడు ఊళ్ళే చూసేవారికి ముందుగా కొన్న టికెట్లే మేలు.

తిరగండి, లోకం చూడండి. మీ వెనుక ఇంట్లో ఎవరి గాజులు ఉన్నాయో మాత్రం మరవకండి. సెలవు.