మతిమరపు ముదిరితే

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఇంటిపని ముగించుకుని, కాసేపు నడుం వాల్చుదామనుకునే వేళ ఇది. ఈ వేళప్పుడు చావు కబురు చల్లగా చెప్పొచ్చిందేమిటీవిడ అనుకోకండి. ఈ మాట ముందుగా ఎవరూ చెప్పకపోవడం వల్లనే చాలామంది ఇల్లాళ్ళు, తాము చెయ్యని తప్పుకి ఏళ్ళ తరబడి లోలోపల కుమిలిపోతున్నారు. వారిలో నేనూ ఒకతెను. అందుకని చెప్పదలచుకున్నాను.

మా అత్తగారి సంగతితో మొదలుపెడతాను. ఆవిడది చెయ్యి తిరిగిన వంట. ఆవకాయ పెట్టేరోజున ఉప్పు, కారం, ఆవపిండి కొలవకుండా చేత్తో వేసినా ఏడాదంతా రంగూ రుచీ మారేది కాదు. అలాంటి మనిషి ఒక వేసవిలో జాడీ ముందు కూర్చుని, "ఏమ్మా, ఇందులో ఉప్పు వేశానా?" అని అడిగారు. వేశారన్నాను. అయిదు నిమిషాలకి మళ్ళీ అడిగారు. ఆ ఏడు ఆవకాయ ఉప్పుకషాయం. అందరం నవ్వుకున్నాం. పెద్దతనం కదా, చాదస్తం అనుకున్నాం.

ఆ తరవాత నవ్వు తగ్గింది. పాలవాడికి డబ్బులిచ్చి, గంట తిరక్కుండానే మళ్ళీ ఇవ్వబోయేవారు. తాళంచెవులు బియ్యం డబ్బాలో తానే దాచి పనిమనిషిని అనుమానించేవారు. పొద్దువాలితే చాలు, "మా ఇంటికి వెళ్ళిపోతాను, మా నాన్నగారు కంగారుపడతారు" అంటూ వీధిగుమ్మం దాకా వచ్చేవారు. ఆ నాన్నగారు పోయి నలభై ఏళ్ళు! "పొద్దుటినుంచీ ఇదే గోల" అని నేను గట్టిగా అరిచిన రోజులూ ఉన్నాయి. అది జబ్బని తెలియక అరిచాను. తెలిశాక ఆ అరుపులన్నీ నాకే వినిపించేవి.

తాళంచెవి ఎక్కడ పెట్టామో మరచిపోవడం మనందరికీ ఉన్నదే. తాళంచెవి చేతిలోనే ఉండి, ఇది దేనికి పనికొస్తుందో తెలియకపోతే అది జబ్బు. దీన్నే డాక్టర్లు డెమెన్షియా అంటారు. ఇందులో ఎక్కువగా కనిపించేది ఆల్జైమర్స్ జబ్బు. రక్తపోటు, మధుమేహం ముదిరి, మెదడుకి రక్తం సరిగా అందక వచ్చేది మరొకటి. మన దేశంలో అరవయ్యేళ్ళు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి, అంటే నూటికి ఏడుగురికి పైగా, ఈ జబ్బు ఉందని 2023లో వెలువడిన ఒక అంచనా. అయితే ప్రతి మరపూ ఇదే అనుకోకూడదు. థైరాయిడ్ లోపం, బి-12 విటమిన్ లోపం, దిగులు, కొన్ని రకాల మందులు కూడా మరపు తెప్పిస్తాయి. అవి నయమయ్యేవి. కాబట్టి ఇంట్లో కూర్చుని మనమే తీర్పు చెప్పకుండా ముందు డాక్టరుకి చూపించాలి.

సరే, మరపు జబ్బే కదా, ప్రాణానికేం భయం అంటారా? నేనూ అలాగే అనుకున్నాను. జ్ఞాపకాలు పోతాయి గాని మనిషి నిక్షేపంగా ఉంటుందనుకున్నాను. కాని ఆలోచించి చూడండి. పేర్లు గుర్తుపెట్టుకునేదే కాదు, కాళ్ళని నడిపించేదీ, మూత్రం ఆపుకునేదీ, ముద్దని గొంతు దించేదీ కూడా మెదడే. ఈ జబ్బు మెదడుని కొంచెం కొంచెంగా తినేస్తుంది. మొదట నిన్నటి సంగతి పోతుంది, తరవాత పేర్లు, మొహాలు. ఆపైన చీర కట్టుకోవడం, స్నానం చెయ్యడం, నడవడం. చిట్టచివర మింగడం. కొందరికి నాలుగైదేళ్ళలో, కొందరికి పది పన్నెండేళ్ళలో ఇదంతా జరుగుతుంది.

మనకి పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటూ మాడు మీద తట్టుకుంటాం. దగ్గు వస్తుంది, దారి తప్పిన మెతుకు బయటికి వస్తుంది. ఈ జబ్బు ముదిరినవారికి ఆ దగ్గు కూడా సరిగా రాదు. మెతుకో, నీళ్ళో, నోట్లో ఉమ్మో ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంది. దాంతో నెమ్ము చేస్తుంది. మంచం పట్టినవారికి నడుం దగ్గర, మడమల దగ్గర పడకపుళ్ళు పడి, వాటి విషం రక్తంలోకి ఎక్కుతుంది. డెమెన్షియా ప్రాణం తీసే దారులు ముఖ్యంగా ఇవీ. "నెమ్ము చేసి పోయింది" అని మనం చెప్పుకుంటాం గాని, ఆ నెమ్ము వెనక ఉన్నది ఈ జబ్బే.

ఇది కొత్త సంగతి కాదు. 1901లో జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు ఆసుపత్రిలో ఆగస్ట్ డీటర్ అనే ఇల్లాలిని చేర్చారు. రైల్వే గుమాస్తా భార్య. వయస్సు యాభయ్యొక్కటి. భర్త పేరేమిటని అడిగితే తన పేరే చెప్పింది. ఆవిణ్ణి పరీక్షించిన డాక్టరుగారే ఆల్జైమర్. 1906 ఏప్రిల్‌లో ఆవిడ పోయింది, పడకపుళ్ళ విషం రక్తంలో చేరి. ఆ నవంబరులో ఆయన ఆవిడ మెదడులో చూసిన మార్పులను తోటి డాక్టర్ల సభలో వివరించారు. 1910లో ఆ జబ్బుకి ఆయన పేరే పెట్టారు.

మళ్ళీ మా ఇంటికి వద్దాం. ఏడో ఏట మా అత్తగారు ముద్ద నోట్లో పెడితే బుగ్గన పెట్టుకుని కూర్చునేవారు. గుటక పడేది కాదు. నాకు భయం వేసింది. చారన్నం మెత్తగా పిసికి, గడ్డం పట్టుకుని, బతిమాలి, బలవంతాన పెట్టేదాన్ని. ఒక్కో పూట గంటన్నర పట్టేది. ఊళ్ళో లేని మా వదినగారు, అంటే మావారి అక్కగారు, ఫోనులో, "నేనొచ్చినప్పుడు అమ్మ బాగానే తినేది. సరిగ్గా పెడుతున్నావా?" అన్నారు. ఆవిడ చెడ్డది కాదు. తల్లి మీద బెంగ అలా అనిపించింది. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఇంకా గట్టిగా పెట్టాను. పొలమారింది. నెమ్ము చేసింది. పదిరోజులు ఆసుపత్రి.

అక్కడ ఒక పెద్ద డాక్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు: "అమ్మా, తినకపోవడం వల్ల ఆవిడ పోవడం లేదు. పోయే వేళ దగ్గరపడి తినడం మానేస్తున్నారు." ఆ ఒక్క మాట మీతో చెప్పాలనే ఇవాళ ఇక్కడికి వచ్చాను.

ముక్కులోంచి గొట్టం వేసి పోస్తే బతకరా అని మావారు అడిగారు. జబ్బు బాగా ముదిరినవారికి గొట్టం వల్ల ఆయుష్షు పెరగదనీ, నెమ్ము రాకుండా ఆగదనీ, గొట్టం పీక్కోకుండా చేతులు కట్టెయ్యవలసి వస్తుందనీ చెప్పారు. అమెరికాలో వృద్ధుల వైద్య నిపుణుల సంఘం కూడా 2014లో గొట్టం వద్దు, ఓపిగ్గా చేత్తో తినిపించడమే మంచిదని సలహా ఇచ్చింది. అంతకుముందు, 2009లో వెలువడిన ఒక పరిశీలన ఉంది. బోస్టన్ ప్రాంతపు వృద్ధాశ్రమాల్లో జబ్బు బాగా ముదిరిన 323 మందిని ఏడాదిన్నర పాటు గమనించారు. సగానికి పైగా పోయారు. నూటికి ఎనభయ్యారుగురికి తినడంలో ఇబ్బంది వచ్చింది, నలభై ఒక్కరికి నెమ్ము చేసింది. ఈ జబ్బు ఎటు పోతుందో ఇంటివారికి ముందే తెలిసినచోట, రోగికి చివరి మూడు నెలల్లో సూదులు, గొట్టాలు, ఆసుపత్రి తిరుగుళ్ళు తక్కువగా ఉన్నాయట. చూశారా, తెలుసుకోవడం కూడా ఒక సేవే!

ఇక చెయ్యవలసినవి చెబుతాను. తినిపించేటప్పుడు పడుకోబెట్టకండి. వీపుకి దిళ్ళు ఆన్చి నిటారుగా కూర్చోబెట్టండి. చిన్న చెంచాతో కొంచెం కొంచెం, గుటక పడ్డాకనే మరోటి. తిన్నాక అరగంట దాకా కూర్చోనివ్వండి. నోరు రెండు పూటలా శుభ్రం చెయ్యండి, నెమ్ము భయం కొంత తగ్గుతుంది. మంచాన పడితే రెండు గంటలకోసారి పక్క మార్చండి. వద్దని మొహం తిప్పుకుంటే ఆ పూటకి వదిలెయ్యండి. ఏమీ మింగలేని రోజు వస్తే తడిగుడ్డతో పెదవులు తడుపుతూ పక్కన కూర్చోండి. బాధ తగ్గించే మందులుంటాయి, అడగండి. "నాన్నగారేరీ" అని అడిగితే పోయారని చెప్పి రోజూ కొత్తగా ఏడిపించకండి. "ఆయనేం చేసేవారు, చెప్పండి" అంటే చాలు, మొహం విప్పారుతుంది.

మరొక ముఖ్యమైన మాట. ఈ జబ్బున్నవారికి ఇళ్ళలో జరిగే సేవలో ప్రపంచమంతటా నూటికి డెబ్భై గంటలు ఆడవాళ్ళే చేస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డబ్బు పంపుతున్నాం కదా అని కొడుకులూ, కూతుళ్ళూ ఊరుకోకూడదు. అమెరికాలో ఉన్నవారు సెలవు పెట్టుకుని వచ్చి నెల్లాళ్ళు ఉండాలి. ఇంట్లో ఉన్న మగవారు రాత్రి వంతు తీసుకోవాలి. మీరూ సిగ్గుపడకుండా, "నావల్ల కావడం లేదు, సాయం చెయ్యండి" అని అడగండి. డాక్టరుగారి మాట ఒక్కరే విని మిగతావారికి మోసుకొచ్చి చెప్పే బదులు అందరూ కలిసి వినండి. అప్పుడు నింద ఒక్కరి నెత్తిన పడదు. మనిషికి తెలివి ఉండగానే, చివరి రోజులు ఎక్కడ గడపాలని ఉందో ఆవిణ్ణే అడగండి. అపశకునం అనుకోకండి.

మా వదినగారు వచ్చి ఎనిమిది రోజులున్నారు. తానే తినిపిస్తానన్నారు. మూడోరోజు గిన్నె పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. సగం కూడా తగ్గలేదు. ఏమీ అనలేదు. గిన్నె కడిగి బోర్లించి నా పక్కన కూర్చున్నారు. ఆ నెలాఖరునే మా అత్తగారు ఇంట్లోనే, మా ఇద్దరి మధ్యా పోయారు.

పెద్దకర్మ నాడు చుట్టాల్లో ఒకావిడ, "చివర్లో ఏమీ తినలేదట కదా, పాపం" అంది. నేను జవాబు వెతుక్కునే లోపలే మా వదినగారు, "అమ్మ మింగడం మరిచిపోయిందమ్మా. మా మరదలు పెట్టకపోవడం కాదు" అన్నారు.

ఆ మాట అనే మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరుండాలి. మీ ఇంట్లో, మీ పొరుగింట్లో అది మీరే కావచ్చు.