ఎడారి దాటి ధాన్యకటకానికి

వర్గల్ సరస్వతమ్మ గుట్ట మీద పిల్లలకు అక్షరాభ్యాసం చేయించే వాళ్లకు, చదువు కోసం ఎడారి దాటిన ఒక మనిషి గురించి చెప్పాలి. ఆయన చైనా బౌద్ధ భిక్షువు హ్యూయన్‌త్సాంగ్.

ఏడో శతాబ్దంలో, దేశం దాటొద్దన్న ఆజ్ఞ ఉన్నా పడమటి దారి పట్టాడు. గోబీ ఇసుకలో నీళ్ల తిత్తి చేజారి ఒలికిపోయింది. నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు గొంతులో చుక్క పడలేదు. చివరికి పచ్చిక, నీటిమడుగు ఉన్న చోటికి లాక్కెళ్లింది ఆయన ముసలి గుర్రమే. ఆ దారిన అంతకుముందు ఎన్నోసార్లు తిరిగిన గుర్రం. అది లేకుంటే మన తెలుగునేల మీది వేంగి, ధాన్యకటకాల గురించి ఆయన రాసిన సాక్ష్యం మనకు దక్కేదే కాదు! ధాన్యకటకంలో కొన్ని నెలలుండి, ఇద్దరు భిక్షువుల దగ్గర అభిధర్మం చదివాడు, వాళ్లకు తానూ పాఠం చెప్పాడు. తిరుగుదారిలో ఖోతాన్ మీదుగా తక్లమకాన్ ఎడారి దక్షిణపు అంచు పట్టుకుని, 657 గ్రంథాలతో 645లో చాంగాన్ చేరాడు.

ఇప్పుడు ఆ ఎడారి నడిమి నుంచే రోడ్డుంది, 1995లో పూర్తయింది. ఇసుక కమ్మకుండా ఇరుపక్కలా పొదలు పెంచి, మన తోటల్లోలాగే డ్రిప్పుతో బోరునీళ్లు ఇస్తున్నారు. అవి ఉప్పునీళ్లు, అందుకే తట్టుకునే మొక్కలే వేశారు. 2022లో ఎడారి చుట్టూ రైలుమార్గమూ కలిసింది, సుమారు 2,700 కిలోమీటర్లు. వెళ్లదలచిన వాళ్లు వసంతంలో ఇసుక తుఫాన్లను, నడివేసవి ఎండను తప్పించుకుని సెప్టెంబరు, అక్టోబరు నెలలు చూసుకోండి.