ఉజ్బెక్ జట్టు ప్రపంచ కప్ దారి



తాష్కెంట్ అనగానే మన పెద్దవాళ్లకు 1966 జనవరి, లాల్ బహదూర్ శాస్త్రి గుర్తొస్తారు. ఇప్పటి కుర్రవాళ్లకైతే ఉజ్బెకిస్తాన్ అంటే మెడికల్ సీటు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఆ దేశం ఫుట్‌బాల్ గురించి. 2025 జూన్ 5న అబుదాబిలో యుఏఈతో 0-0 డ్రా చేసుకుని ఉజ్బెకిస్తాన్ 2026 ప్రపంచ కప్‌కు అర్హత సాధించింది. మధ్య ఆసియా నుంచి అంతదూరం వెళ్లిన మొదటి జట్టు అదే. గోల్ లేని మ్యాచ్‌తో చరిత్రకెక్కడం కాస్త విడ్డూరమే గానీ, వెనకటి సంగతులు తెలిస్తే ఆ సున్నా విలువ అర్థమవుతుంది.

సోవియట్ కాలంలో ఉజ్బెక్ ఫుట్‌బాల్‌కు పెద్ద దిక్కు పఖ్తాకోర్ క్లబ్బు. 1956లో తాష్కెంట్‌లో మొదలై, 1968 నాటికి సోవియట్ కప్ ఫైనల్ దాకా వచ్చింది. మాస్కో టార్పెడో చేతిలో 1-0తో ఓడింది. 1979 ఆగస్టు 11న మిన్స్క్‌లో మ్యాచ్ ఆడటానికి వెళ్తుండగా వాళ్లెక్కిన విమానం ఉక్రెయిన్ మీదుగా పోతూ మరో విమానాన్ని ఢీకొంది. రెండు విమానాల్లోనూ కలిపి 178 మంది చనిపోయారు. అందులో 17 మంది పఖ్తాకోర్ బృందంవాళ్లు. జట్టుకు ఊపిరిలాంటి మిఖాయిల్ ఆన్, 1976 ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన వ్లదీమిర్ ఫ్యోదరోవ్ ఇద్దరూ ఆ విమానంలోనే ఉన్నారు. మూడేళ్ల వరకు ఏ స్థానంలో నిలిచినా క్లబ్బును పై లీగ్ నుంచి దించబోమని అధికారులు హామీ ఇచ్చారు. ఆ దయ ఎక్కువకాలం అవసరం రాలేదు. 1982లో పఖ్తాకోర్ ఆరో స్థానంలో నిలిచింది.

స్వతంత్ర దేశంగా ఉజ్బెకిస్తాన్ తొలి మ్యాచ్ 1992 జూన్‌లో దుషాంబేలో, తజికిస్తాన్‌తో. 2-2 డ్రా. 1994లో ఫిఫా సభ్యత్వం వచ్చింది. అదే ఏడాది హిరోషిమా ఆసియా క్రీడలకు వెళ్లి, సెమీస్‌లో దక్షిణ కొరియాను 1-0తో, ఫైనల్లో చైనాను 4-2తో ఓడించి, ఆడిన మొదటి ఆసియా క్రీడల్లోనే బంగారు పతకం తెచ్చుకుంది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ బంగారం ఎంత గొప్పదో హైదరాబాదీలకు వేరే చెప్పక్కర్లేదు. 1962 జకార్తాలో మన కోచ్ రహీం సాబ్ శిష్యులు, అంటే భారత జట్టు, గెలిచింది దాన్నే.

ఆ హిరోషిమా జట్టు కోచ్ రుస్తాం అక్రమోవ్ ఆ మరుసటి ఏడాదే భారత జట్టు పగ్గాలు పట్టారు. బైచుంగ్ భూటియాను కుర్రతనంలోనే జాతీయ జట్టులోకి తెచ్చింది ఆయనే. 1996 ఫిబ్రవరిలో భారత్ ఫిఫా ర్యాంకింగ్స్‌లో 94వ స్థానానికి చేరింది కూడా ఆయన హయాంలోనే. ఇంతవరకూ దాన్ని మనం దాటలేదు.

ఇక నా అభిప్రాయం చెబుతాను, ఒప్పుకోనివాళ్లు తర్వాత కొట్లాడవచ్చు. 1994 బంగారం ఉజ్బెకిస్తాన్ సొంత పంట కాదు. విత్తనం, ఎరువు, నీళ్లు అన్నీ సోవియట్ యూనియన్‌వి. కోత మాత్రం వీళ్ల చేతికొచ్చింది. సోవియట్ లీగుల్లో రాటుదేలిన ఆ ఆటగాళ్ల వయసు మళ్లాక ఏం మిగిలిందో 2000 ఆసియా కప్ చూపించింది: జపాన్ చేతిలో 8-1, సౌదీ చేతిలో 5-0.

ఆ తర్వాత జట్టు కోలుకుంది గానీ, ప్రపంచ కప్ గుమ్మం దాకా వచ్చి ప్రతిసారీ జారిపడింది. అందులో 2005 నాటి బహ్రెయిన్ వ్యవహారం మరీ విచిత్రం. సెప్టెంబర్ 3న తాష్కెంట్‌లో ప్లేఆఫ్ తొలి మ్యాచ్. 1-0 ఆధిక్యంలో ఉన్న ఉజ్బెకిస్తాన్‌కు పెనాల్టీ దొరికింది. జెపరోవ్ గోల్ కొట్టాడు. కానీ అతను తన్నకముందే సహచరుడొకడు బాక్సులోకి చొరబడ్డాడు. నిబంధన ప్రకారం పెనాల్టీ మళ్లీ తన్నించాలి. జపాన్ రిఫరీ మాత్రం బహ్రెయిన్‌కు ఫ్రీకిక్ ఇచ్చేశాడు. మ్యాచ్ 1-0తోనే ముగిసింది. గెలిచిన జట్టు ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. తమకు 3-0 విజయం ప్రకటించాలని ఫిర్యాదు చేసింది. ఫిఫా మొత్తం మ్యాచ్‌నే రద్దుచేసి మళ్లీ ఆడమంది. ఈసారి తాష్కెంట్‌లో 1-1, మనామాలో 0-0. ప్రత్యర్థి మైదానంలో కొట్టిన ఆ ఒక్క గోల్‌తో బహ్రెయిన్ ముందుకెళ్లింది. రిఫరీని తిట్టడం అక్కడ ఇప్పటికీ మామూలే. చేజేతులా ఫిర్యాదు పెట్టి గెలుపును పోగొట్టుకున్న సంగతి మాత్రం ఎవరూ గట్టిగా అనరు.

2013లో మరీ ఘోరం. అర్హత పోటీల గ్రూపులో దక్షిణ కొరియాతో సమానంగా 14 పాయింట్లు వచ్చినా గోల్స్ తేడాలో ఒకే ఒక్క గోల్ తగ్గింది. ఆఖరి మ్యాచ్‌కు వారం ముందు సియోల్‌లో ఓడిన 1-0 మ్యాచ్‌లో ఆ ఒక్కటీ ఉజ్బెక్ డిఫెండర్ కొట్టిన సెల్ఫ్ గోలే. ఆ తర్వాత జోర్డాన్‌తో ప్లేఆఫ్: రెండు మ్యాచ్‌లూ 1-1, పెనాల్టీల్లో 9-8తో ఓటమి. 2017లో అర్హత పోటీల ఆఖరి రోజు సొంతగడ్డ మీద కొరియాను ఓడిస్తే చాలు. 0-0.

మార్పు పిల్లల జట్ల నుంచి వచ్చింది. 2018 జనవరిలో చైనాలోని చాంగ్‌జౌలో, మంచు కురుస్తుండగా వియత్నాంను అదనపు సమయం ఆఖరి నిమిషాల్లో 2-1తో ఓడించి అండర్-23 ఆసియా కప్ గెలిచారు. 2023లో తాష్కెంట్‌లోనే అండర్-20 ఆసియా కప్. అందులో ఉత్తమ ఆటగాడు అబ్బోస్‌బెక్ ఫైజుల్లాయెవ్. డిఫెన్స్‌లో అబ్దుకొదిర్ ఖుసనోవ్. ఇద్దరూ ఇప్పుడు పెద్ద జట్టుకు మూలస్తంభాలు. ఖుసనోవ్‌ను 2025 జనవరిలో మాంచెస్టర్ సిటీ కొనుక్కుంది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌కూ వెళ్లారు. 2025లో అండర్-17 ఆసియా కప్ ఫైనల్లో ఇద్దరికి రెడ్ కార్డు పడ్డా, తొమ్మిది మందితోనే సౌదీని 2-0తో ఓడించారు. ఇదీ సొంత పంట.

అబుదాబి రోజున కోచ్ తైమూర్ కపాడ్జే. దేశం తరఫున వందకు పైగా మ్యాచ్‌లు ఆడినవాడు, పాత ఓటములెన్నో దగ్గర్నుంచి చూసినవాడు. అనారోగ్యంతో స్లొవేనియాకు చెందిన కోచ్ కటానెక్ తప్పుకున్నాక బాధ్యత తీసుకుని గమ్యం చేర్చాడు. 2025 అక్టోబర్‌లో ఆయన స్థానంలో ఇటలీ మాజీ కెప్టెన్ ఫాబియో కన్నవారోను తెచ్చారు. ఉజ్బెకిస్తాన్‌కు అందకుండాపోయిన ఆ 2006 ప్రపంచ కప్‌ను ఎత్తిన కెప్టెన్ ఇతనే! పేరున్న మనిషి కావాలనుకోవడం అర్థంచేసుకోదగ్గదే. అయినా ఈ నిర్ణయం నాకు నచ్చలేదు. ప్రపంచ కప్ డగౌట్‌లో కూర్చునే హక్కు కపాడ్జేది.